కామిక్ కాన్‌కి కూతురితో వెళ్లబోతున్న రాజాం చెల్లెమ్మకి

ప్రశ్న: అప్పా, నమస్కారం. మాది రాజాం. ఇంటి దగ్గర మిషను పెట్టుకుని బ్లౌజులు, పిల్లల గౌన్లు కుడతాను. మా అమ్మాయి ఇక్కడే ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. దానికి యానిమేలంటే, అంటే జపాన్ కార్టూన్ కథలంటే ప్రాణం. హైదరాబాద్‌లో కామిక్ కాన్ అని పెద్ద ఉత్సవం అవుతుందట, తనకిష్టమైన పాత్రలా వేషం కట్టుకుని వెళ్తానని పట్టు పట్టింది. ఆ పాత్ర కత్తి పట్టుకునే అమ్మాయి. బట్టలు నన్నే కుట్టమంది. మా ఆయన ‘ఒక్కదాన్నీ పంపను, నువ్వు కూడా వెళ్తే చూద్దాం’ అన్నారు. కూకట్‌పల్లిలో మా ఆడపడుచు ఉంది, ఉండడానికి ఇబ్బంది లేదు. కానీ అక్కడ ఏం జరుగుతుందో నాకేమీ తెలీదు. అంత జనంలో ఆడపిల్ల వేషంతో తిరిగితే ఎవరైనా ఏమైనా అంటారా? ఫొటోలు తీసి ఎక్కడెక్కడో పెడతారా? ఎంత డబ్బు పట్టుకెళ్లాలి? రోజంతా నేనేం చెయ్యాలి? మన యాస విని నవ్వుతారేమోనని అమ్మాయికి కూడా లోపల గుబులుగా ఉంది. మీరు ఇలాంటి వాటికి వెళ్లారని చదివాను. కాస్త చెప్పండి.

జవాబు: చెల్లెమ్మా, వెళ్లండి. మీ ఆయన పెట్టిన షరతు మీ అమ్మాయికి మేలే చేసింది. వేషం కుట్టిన మనిషే పక్కనుంటే అక్కడ ఎదురయ్యే ఇబ్బందుల్లో సగం ఆ పిల్లదాకా రావు.

ముందు కామిక్ కాన్ అంటే ఏమిటో చెప్తాను. కామిక్స్, అంటే బొమ్మల కథల పుస్తకాలు ఇష్టపడేవాళ్ల జాతర అది. ఇలాంటి వాటిలో ప్రపంచంలో బాగా పేరున్నది అమెరికాలో శాన్ డియేగో అనే ఊళ్లో జరుగుతుంది. 1970లో ఒక హోటల్లో సుమారు 300 మంది కామిక్స్ అభిమానులు కలుసుకోవడంతో మొదలై, ఇప్పుడు లక్ష మంది దాటి వస్తున్నారు. మన దేశంలో కామిక్ కాన్ ఇండియా మొదటిది 2011లో ఢిల్లీలో, దిల్లీ హాట్‌లో జరిగింది. హైదరాబాద్‌కి 2013లో వచ్చింది. 2024లో అయితే నవంబరు 15 నుంచి 17 వరకు, శుక్ర శని ఆదివారాలు, హైటెక్స్ అనే ప్రదర్శన కేంద్రంలో జరిపారు. తేదీలు ఏటా మారుతుంటాయి, కాబట్టి ప్రకటన వచ్చాకే రైలు టికెట్టు సంగతి చూడండి.

లోపల ఏముంటుందంటే, చాలా ఎత్తు కప్పున్న పెద్ద హాళ్లు. వాటిలో వరసలు వరసలుగా స్టాళ్లు: టీ షర్టులు, పోస్టర్లు, బొమ్మలు, కీచైన్లు, పుస్తకాలు. ఒక పక్క బొమ్మలు గీసేవాళ్లు తలా ఒక బల్ల వేసుకుని, తాము గీసినవి పరుచుకుని కూర్చుంటారు. ఇంకో పక్క వీడియో గేములు. ఒక పెద్ద స్టేజీ, దాని మీద చిత్రకారులు, నటులు, డబ్బింగ్ చెప్పేవాళ్లు మాట్లాడటం, పాటలు, సాయంత్రం వేషాల పోటీ. ఇవన్నీ ఒకవైపైతే, వేషాలు కట్టుకుని మామూలుగా తిరుగుతూ ఉండే జనం ఒకవైపు. నిజానికి సగం మంది ఒకరినొకరు చూసుకోవడానికే వస్తారు.

గుమ్మం దాటిన మొదటి అరగంట తల దిమ్మెక్కుతుంది. మైకులు, లైట్లు, గేముల మోతలు, అరుపులు. ఆ అరగంటలో ఏమీ కొనకండి, ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఒక గోడ వారన నిలబడి చూడండి చాలు. అన్నీ చూసెయ్యాలనే ఆత్రంతో వెళ్లినవాళ్లే మధ్యాహ్నానికి నీరసపడి, గొడవపడి, ఏడుపు ముఖంతో బయటికొస్తారు. అందుకే బయల్దేరే ముందే మీ అమ్మాయిని కూర్చోబెట్టి అడగండి: ‘అన్నిట్లోనూ తప్పకుండా కావాల్సినవి రెండు చెప్పు’ అని. వేషాల పోటీ కావచ్చు, ఒక చిత్రకారుణ్ణి కలవడం కావచ్చు. ఆ రెండూ జరిగితే ఆ రోజు గెలిచినట్టే. మిగిలినవి కనబడితే చూస్తారు, లేకపోతే లేదు. నేను ఇంత పొడుగు ఉత్తరంలో చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

జనం గురించి భయపడుతున్నారు. మీరు విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతరకి వెళ్లే ఉంటారు. దసరా వెళ్లాక వచ్చే ఆ మంగళవారం మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి, పిల్లని చంకనేసుకుని, ‘తప్పిపోతే ఫలానా కొట్టు దగ్గరికి రా’ అని చెప్పి తిరిగిన వాళ్లకి కామిక్ కాన్ జనం పెద్ద లెక్కలోది కాదు. ఆ తెలివితేటలే ఇక్కడా పని చేస్తాయి. లోపలికి వెళ్లగానే ఇద్దరూ ఒక గుర్తు పెట్టుకోండి, కదలనిదీ దూరం నుంచి కనబడేదీ, హాలు నంబరు బోర్డు లాంటిది. గంటకోసారి అక్కడ కలుసుకుందామని చెప్పుకోండి. అంతమంది ఒకేసారి వాడటం వల్ల ఫోన్ సిగ్నల్ లోపల సరిగా అందదు, ఫోన్ చేద్దాంలే అనుకుంటే కుదరదు. టికెట్లు కూడా ముందురోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గేటు దగ్గర నెట్ తిరుగుతూనే ఉంటే వెనకున్న వరస మొత్తం మీ మీద విసుక్కుంటుంది.

మూడు రోజుల్లో శనివారం జనం మరీ ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లకి శుక్రవారం నా ఓటు, కాలేజీకి ఒక రోజు సెలవు పెట్టినా పరవాలేదు. టికెట్లు రోజువారీగా ఆన్‌లైన్‌లో ముందే అమ్ముతారు. మామూలు పాస్ తీసుకోండి, ఎక్కువ ధరకి బొమ్మల పెట్టెలు కలిపి ఇచ్చేవి మొదటిసారికి అక్కర్లేదు. టికెట్టు కొన్న అందరికీ ఒక కామిక్ పుస్తకం ఉచితంగా ఇవ్వడం కామిక్ కాన్ ఇండియాలో ఆనవాయితీ, అది అడిగి తీసుకోండి. డబ్బు ఒప్పుకుంటే రెండు రోజులు వెళ్లండి: మొదటి రోజు వేషంతో, రెండో రోజు మామూలు బట్టల్లో తీరుబడిగా చూడటానికి, కొనడానికి. వేషంలో ఉన్న పిల్ల ఏదీ నింపాదిగా చూడలేదు. అడుగడుక్కీ ఎవరో ఒకరు ఫొటో కోసం ఆపుతారు.

ఇక వేషం. ఇది మీ చేతిలో విద్య, అయినా బ్లౌజు కుట్టే లెక్క వేరు, దీని లెక్క వేరు. ఈ బట్ట పది గంటలు ఒంటి మీద ఉండాలి. మెట్లెక్కాలి, నేల మీద కూర్చోవాలి, మరీ ముఖ్యంగా బాత్రూంకి వెళ్లాలి. ఫొటోలో ఒకే ముక్కలా కనిపించే డ్రస్సుని నడుము దగ్గర రెండు ముక్కలుగా విడగొట్టి, కలిసే చోట బెల్టు కింద దాచేయండి. హుక్కుల కంటే వెల్క్రో మేలు, ఒంటి చేత్తో తీసుకోవచ్చు. లోపలి వైపు ఒక జేబు తప్పనిసరి: ఫోను, కొంత నగదు, కాలేజీ ఐడీ కార్డు పట్టేలా. వేషాలకి జేబులు పెట్టరు, తర్వాత అందరూ బాధపడేది దానికే. అస్తరు మాత్రం నూలుదే వేయండి. పైన మెరిసే శాటిన్ ఉన్నా పరవాలేదు గాని ఒంటికి తగిలేది చెమట పీల్చాలి. వెళ్లేలోపు ఒక ఆదివారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో అదే వేసుకుని తిరగమనండి, అన్నం కూడా అందులోనే తినమనండి. ఎక్కడ గుచ్చుతోందో, ఎక్కడ జారుతోందో ఆ రోజే తెలిసిపోతుంది. చెప్పులు, బూట్లు కొత్తవైతే ముందునుంచే వేసుకుని తిరగాలి.

కత్తి సంగతి జాగ్రత్త. నిజమైన లోహం, పదునున్నదేదీ లోపలికి రానివ్వరు, గేటు దగ్గర ప్రతి వస్తువూ చూస్తారు. ఈవీఏ ఫోమ్‌తో చేయించండి. పిల్లల గదుల్లో, జిమ్ముల్లో నేల మీద పరిచే రంగురంగుల మ్యాట్లు ఉంటాయి చూడండి, అదే సరుకు. బ్లేడుతో కోస్తే తెగుతుంది, వేడి గాలి తగిలితే వంగుతుంది. అతికించడానికి వడ్రంగులు వాడే ఫెవికాల్ ఎస్ఆర్ తెచ్చుకోండి. రెండు వైపులా పల్చగా రాసి, తడి ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు నొక్కాలి. తడి మీద నొక్కితే అతకదు. ఘాటు వాసన వస్తుంది, కిటికీలు తీసి చేయాలి. రంగు వేసే ముందు మామూలు తెల్ల ఫెవికాల్‌ని నీళ్లతో పల్చన చేసి మూడు నాలుగు పూతలు పూయండి, లేకపోతే ఫోమ్ రంగంతా తాగేస్తుంది. కత్తిని మధ్యలో ఊడదీసేలా రెండు ముక్కలుగా చేయమనండి, రైలు బెర్తు కింద పట్టాలి కదా.

ఒక మాట గట్టిగా చెప్తున్నాను. కళ్ల రంగు మార్చే లెన్సులు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయని కొనిచ్చేయకండి. కంటి డాక్టరు చూసి ఇచ్చినవైతేనే పెట్టుకోవాలి, స్నేహితురాలి లెన్సులు అసలు పెట్టుకోకూడదు. పాత్ర కళ్లు నీలమైనా నల్లవైనా ఎవరూ అడగరు. కన్ను పాడైతే చదువు పాడవుతుంది.

పోటీలో పేరు ఇవ్వాలనుకుంటే నిబంధనలు ముందే చదవండి, ఎప్పుడు నమోదు చేసుకోవాలో అందులో ఉంటుంది. వేషం సొంతంగా చేసుకున్నారా, కొన్నారా అన్నది ఇలాంటి పోటీల్లో చాలా లెక్కలోకి వస్తుంది. అందుకని మీరు గుడ్డ కత్తిరిస్తున్నప్పుడు, అమ్మాయి ఫోమ్ కోస్తున్నప్పుడు, రంగు వేస్తున్నప్పుడు ఫొటోలు తీసి ఫోనులో ఒకచోట దాచుకోండి. స్టేజీ మీద తన పక్కన కొన్న వేషం మెరిసిపోతూ ఉంటే దిగులు పడొద్దని చెప్పండి. దగ్గరికొచ్చి కుట్టు చూసేవాళ్లకి తేడా తెలుస్తుంది.

ఇప్పుడు మీ అసలు భయం. ఫొటోలు అడుగుతారు, చాలామంది అడుగుతారు. మర్యాద తెలిసినవాళ్లు ముందు అడిగి, నిలబడమని, తీసి, థాంక్స్ చెప్పి వెళ్లిపోతారు. ఎక్కువమంది అలాంటివాళ్లే. కానీ అడగకుండా తీసేవాళ్లూ, భుజం మీద చెయ్యి వేసేవాళ్లూ ఉండరని నేను చెప్పను. న్యూయార్క్ కామిక్ కాన్‌లో 2014లో, వేషం కట్టుకున్నంత మాత్రాన తాకడానికి ఒప్పుకున్నట్టు కాదని బోర్డులే పెట్టాల్సి వచ్చింది, అంటే ఇది అన్ని ఊళ్లలోనూ ఉన్న బాధే. మీ అమ్మాయికి మూడు వాక్యాలు ముందే నోటికి రావాలి: ‘ఇప్పుడు వద్దండి’, ‘చెయ్యి తియ్యండి’, ‘ఆ ఫొటో తీసెయ్యండి’. నవ్వుతూ చెప్పక్కర్లేదు. ఇంట్లో అద్దం ముందు నిలబడి గట్టిగా చెప్పించండి, మీరు పిచ్చి అనుకున్నా సరే. మనింటి పిల్లలకి వద్దని చెప్పడం చిన్నప్పట్నుంచీ నేర్పం, ఆ సమయానికి గొంతు పెగలదు. ఎవరైనా హద్దు దాటితే వెంటనే దగ్గర్లో ఉన్న వాలంటీరుకో సెక్యూరిటీ మనిషికో చెప్పండి. హైదరాబాద్‌లో 2014 నుంచి ఆడవాళ్ల కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, 112కి ఫోన్ చేసినా పలుకుతారు.

తీసిన ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పడతాయి, దాన్ని ఆపలేరు. కాబట్టి పడినా మీ ఇంట్లో ఎవరూ ఇబ్బంది పడని డ్రస్సు కుట్టండి, అది మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి. పాత్ర స్కర్టు మరీ పొట్టిగా ఉంటే లోపల అదే రంగు లెగ్గింగ్ వేస్తే పాత్ర పాడవదు. పేరు, కాలేజీ, ఊరు అడిగినవాళ్లందరికీ చెప్పక్కర్లేదు. వేషాల కోసం విడిగా ఒక అకౌంటు పెట్టుకుని ఆ పేరే చెప్పడం ఈ పిల్లల్లో మామూలే.

డబ్బు. ఇంత పట్టుకెళ్లండని అంకె చెప్పను గాని, పిల్లకి ఒక మొత్తం కేటాయించి కవర్లో పెట్టి చేతికిచ్చేయండి. అది దానిష్టం. అయిపోతే అయిపోయినట్టే అని ముందే చెప్పండి, అక్కడ అడుక్కోవడాలు, కసురుకోవడాలు ఉండకూడదు. యూపీఐ ఉందిలే అనుకోకండి, సిగ్నల్ సంగతి చెప్పాను కదా, వంద, రెండొందల నోట్లు దగ్గరుంచుకోండి. మొదటి చుట్టు చూడటానికి, రెండో చుట్టు కొనడానికి. ఒకే బొమ్మ నాలుగు స్టాళ్లలో నాలుగు ధరలకి ఉంటుంది, కొన్ని నకిలీవి కూడా. పోస్టర్లు చివర్లో కొనండి, లేకపోతే రోజంతా ఆ గొట్టం మోసుకు తిరగాలి.

స్టాళ్లలో బేరం మీ ఇష్టం. బొమ్మలు గీసేవాళ్ల బల్లల దగ్గర మాత్రం ఆడకండి చెల్లెమ్మా. సంతలో ఆడినట్టు ‘సగానికిస్తావా’ అంటే ఆ పిల్లల ముఖం చిన్నబోతుంది. వాళ్లు బల్లకి అద్దె కట్టి, ప్రింట్లు సొంత డబ్బుతో వేయించుకుని వస్తారు. రాత్రిళ్లు కూర్చుని గీసిన బొమ్మ అది. మీరు బ్లౌజు కుట్టి ఇచ్చాక ‘ఇంతేనా పని, ఇంత మజూరీనా’ అని ఎవరైనా అంటే మీకెలా ఉంటుందో వాళ్లకీ అలాగే ఉంటుంది. కొనలేకపోతే చూసి, బాగుందని చెప్పి వచ్చేయండి. దానికే సంతోషిస్తారు. మీ అమ్మాయి డబ్బంతా ఒకచోట పెట్టాలనుకుంటే ఈ వరసలోనే పెట్టమంటాను. ఫ్యాక్టరీ బొమ్మ ఎప్పుడైనా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గీసిన మనిషి ఎదురుగా కూర్చుని, పేరడిగి సంతకం పెట్టిచ్చిన కాగితం ఇక్కడే దొరుకుతుంది.

తిండి లోపల ఖరీదు, వరసలు పెద్దవి, బయటి తిండి మామూలుగా రానివ్వరు. ఆడపడుచు ఇంట్లో కడుపునిండా తిని బయల్దేరండి. ఇలాంటి వాటికి తరచూ వెళ్లేవాళ్లలో 6-2-1 అని ఒక లెక్క ఉంది: రోజుకి 6 గంటల నిద్ర, 2 పూటల భోజనం, 1 స్నానం, వీటికి లోటు రాకూడదని. పిల్లలు ముందురోజు రాత్రంతా రంగులు వేస్తూ కూర్చుంటారు, అది మీరు ఆపాలి. తిరిగొచ్చాక జలుబు, జ్వరం తగలడం కూడా చాలామందికి అలవాటే. అంతమందితో చేతులు కలుపుతారు మరి.

యాస గురించి అమ్మాయికి నా మాటగా చెప్పండి. అక్కడ ఎవరైనా మొదట అడిగేది ‘ఏ పాత్ర?’ అని, రెండోది ‘ఎవరు కుట్టారు?’ అని. ఊరడిగేది చాలా తర్వాత. తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలగలిపి మాట్లాడుకుంటూ ఉంటారు, కరీంనగర్ నుంచీ కర్నూలు నుంచీ వచ్చిన పిల్లలుంటారు. తనకి ప్రాణమైన పాత్ర గురించి మాట్లాడేటప్పుడు ఏ పిల్లకీ యాస గుర్తుండదు, వినేవాళ్లకీ అంతే.

మీరేం చెయ్యాలని అడిగారు. ముందు ఇంటి దగ్గరే ఆ యానిమే కొన్ని భాగాలు అమ్మాయితో కలిసి చూడండి. ఆ కత్తి పట్టే అమ్మాయి ఎందుకు పట్టిందో, ఎవరిని పోగొట్టుకుందో తెలిస్తే కుట్టేటప్పుడు చెయ్యి వేరుగా నడుస్తుంది, అక్కడ ఎవరైనా అడిగితే మీరే చెప్పగలుగుతారు. వెళ్లేటప్పుడు మీ సూది డబ్బా పట్టుకెళ్లండి: డ్రస్సు రంగు దారాలు, సూదులు, పిన్నీసులు, రెండు వైపులా అంటుకునే టేపు, ఫెవిక్విక్. కత్తెర గేటు దగ్గర ఆపేస్తారు, దారం పళ్లతో తెంపుకోవాల్సిందే. మధ్యాహ్నం దాటేసరికి ఎవరి భుజం కుట్టో విడిపోతుంది, ఎవరి రెక్కో ఊడిపోతుంది. ఆ పిల్లలు ఏడుపు ముఖాలతో గోడ వారన కూర్చుంటారు. వాళ్లని పిలిచి రెండు కుట్లు వేసి పంపండి. ఈ పని తెలిసిన మనిషికి అక్కడ ఎంత గౌరవమో మీరే చూస్తారు, మీ అమ్మాయి కూడా చూస్తుంది. మిగిలిన వేళ స్టేజీ ముందు కుర్చీలుంటాయి, కాళ్లు చాపుకుని వేషాలు చూడండి. అమ్మాయి వెనకే అడుగులో అడుగు వేసి తిరగకండి. దాన్ని తన ఈడు పిల్లలతో మాట్లాడనివ్వండి, గంటకోసారి గుర్తు దగ్గర కలుస్తారు కదా.

మీ ఆయన ఖర్చు గురించి గొణిగితే, అమ్మాయి ఫోమ్ కొలతలు వేసుకున్న నోటుపుస్తకం ఆయనకి చూపించండి. ఇంజినీరింగ్ చదివే పిల్ల ఒక వస్తువుని కాగితం మీద గీసి, కొలిచి, కోసి, తప్పితే మళ్లీ చేసి నిలబెట్టడం నేర్చుకుంటోంది. దాన్ని పిచ్చి వేషం అనడానికి ఆయనకి నోరు రాదు.

రైలుకి 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరుస్తారు. మీకు విజయనగరం గాని, ఆమదాలవలస దగ్గర శ్రీకాకుళం రోడ్డు గాని దగ్గరే. ఫలక్‌నుమా, విశాఖ, ఈస్ట్ కోస్ట్ రైళ్లు అటు వెళ్లేవే, ఏ స్టేషన్లో ఆగుతుందో టికెట్టు మీద చూసుకుని దిగండి. ఈమధ్య కొన్ని రైళ్లు సికింద్రాబాద్ దాకా రాకుండా చర్లపల్లిలో ఆగుతున్నాయి. కామిక్ కాన్ రోజు పొద్దున్నే రైలు దిగి నేరుగా వెళ్లే ఆలోచన వద్దు, ఒక రోజు ముందే చేరి ఒళ్లు అలసట తీర్చుకోండి. కూకట్‌పల్లి నుంచి హైటెక్స్‌కి ఆటో ఎక్కితే చాలు. వేరే చోట దిగేవాళ్లకైతే సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో మారకుండా ఒకే లైను. కాకపోతే కత్తి ఆకారంలో ఏమున్నా మెట్రో తనిఖీ దగ్గర ఆపి అడుగుతారు. సాయంత్రం అందరూ ఒక్కసారే బయటికొస్తారు, గేటు ముందు ఆటోల ధరలు మండిపోతాయి. కొత్తగూడ వైపు కాస్త నడిచి ఎక్కండి. తిరుగు రైలు మాత్రం మర్నాటికి పెట్టుకోండి. పోటీ ఫలితాలు అనుకున్న వేళకి చెప్పరు, స్టేజీ ముందు కూర్చుని గడియారం చూసుకుంటూ ఉంటే ఆ పిల్లకి మనసు నిలవదు.